అమెరికా ఫెడరల్ కొలువుల్లో సప్లై టెక్నీషియన్: మోసే బరువుకు కాదు, వేసే పద్దుకే గ్రేడు

ఫెడరల్ ఉద్యోగాల వెబ్‌సైట్ యూఎస్ఏజాబ్స్‌లో సప్లై టెక్నీషియన్ ప్రకటన తెరిస్తే ముందుగా కళ్లబడేవి బరువుల సంగతులే. 40, 50 పౌండ్ల పెట్టెలు ఎత్తాలి, గంటల తరబడి నిలబడాలి, కాంక్రీటు నేల మీద తిరగాలి అని ఉంటుంది. అది చూసి ఇదేదో గోడౌన్ కూలిపని అనుకుని వదిలేసేవాళ్లు కొందరు. గోడౌన్‌లో పదేళ్ల అనుభవం ఉంది కదా అని ధీమాగా దరఖాస్తు పెట్టి, అర్హత లేదన్న జవాబు అందుకునేవాళ్లు ఇంకొందరు. పొరపాటు రెండువైపులా ఒకటే. ఈ కొలువులో జీతం వచ్చేది సరుకు మోసినందుకు కాదు, ఆ సరుకు తాలూకు పద్దును సరిగ్గా నిలబెట్టినందుకు.

ఈ మాటకు ఆధారం ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. సప్లై క్లరికల్, టెక్నీషియన్ ఉద్యోగాలన్నీ జీఎస్ అనే వేతన వ్యవస్థలో 2005 సిరీస్ (పని రకాన్ని తెలిపే నంబరు) కిందికి వస్తాయి. గ్రేడ్ 4 వరకు సప్లై క్లర్క్ అని, 5 నుంచి సప్లై టెక్నీషియన్ అని హోదా. ఉద్యోగానికి గ్రేడు కట్టేటప్పుడు తొమ్మిది అంశాలకు పాయింట్లు వేసి కూడతారు. మొత్తం 855 నుంచి 1100 మధ్య ఉంటే గ్రేడ్ 5, 1105 నుంచి 1350 అయితే 6, 1355 నుంచి 1600 అయితే 7. ఇందులో 'కావలసిన పరిజ్ఞానం' అనే అంశం ఒక్కదానికే మూడో స్థాయిలో 350, నాలుగో స్థాయిలో 550 పాయింట్లు. శారీరక శ్రమకు, పనిచేసే వాతావరణానికి రెండో స్థాయిలో ఇచ్చేది తలా 20. అంటే రోజంతా పెట్టెలు ఎత్తినా, చలిలో లోడింగ్ డాక్ మీద నిలబడినా, గ్రేడ్ 7కు 1355 చేరాల్సిన లెక్కలో వాటి వాటా నలభై. నడుము నొప్పి పుట్టే పనికి నలభై పాయింట్లేమిటని విడ్డూరంగా అనిపించవచ్చు గానీ, నిబంధన మాత్రం అదే.

బరువు పనే ప్రధానమైతే ఆ ఉద్యోగం ఈ సిరీస్‌లోకి రానే రాదు, డబ్ల్యూజీ అనే కార్మిక వేతన వ్యవస్థలో 6907 మెటీరియల్స్ హ్యాండ్లర్ అవుతుంది. దానికి జీతం గంటల లెక్కన ఉంటుంది, ఆ ప్రాంతంలో ప్రైవేటు సంస్థలు ఇచ్చే కూలి రేట్ల సర్వేను బట్టి నిర్ణయిస్తారు. కొన్నిచోట్ల ఈ గంటల జీతం జీఎస్-5 కన్నా మెరుగ్గా ఉంటుంది కాబట్టి, డబ్ల్యూజీ అనగానే చిన్నచూపు చూడనక్కర్లేదు. పేరు చూసి మోసపోయే చోట్లు ఇంకో రెండు ఉన్నాయి. వెటరన్స్ (మాజీ సైనికుల) ఆస్పత్రుల్లో 'మెడికల్ సప్లై టెక్నీషియన్' అని ఉండి సిరీస్ 0622 అయితే, అది శస్త్రచికిత్స పరికరాలను శుద్ధిచేసి స్టెరిలైజ్ చేసే విభాగపు ఉద్యోగం. దాని అర్హతలు వేరు, నియామక చట్టమూ వేరు. నేషనల్ గార్డ్ ప్రకటనల్లో 'డ్యూయల్ స్టేటస్' అన్న మాట ఉంటే, గార్డులో సభ్యత్వం, సరిపడే సైనిక ర్యాంకు ఉంటేనే ఆ కొలువు. ప్రకటన చదవడం మొదలుపెట్టాల్సింది పేరు దగ్గర కాదు, సిరీస్ నంబరు దగ్గర.

అర్హతల నిచ్చెన

క్లరికల్, పాలనా సహాయక ఉద్యోగాలన్నిటికీ వర్తించే ఉమ్మడి ప్రమాణమే దీనికీ వర్తిస్తుంది. గ్రేడ్ 3కి ఆరు నెలల సాధారణ అనుభవం గానీ, హైస్కూలు తర్వాత ఏడాది చదువు గానీ చాలు. గ్రేడ్ 4కి ఏడాది సాధారణ అనుభవం లేదా రెండేళ్ల చదువు. అసలు మలుపు గ్రేడ్ 5 దగ్గర. అక్కడ కింది గ్రేడుకు సమానమైన పనిలో ఏడాది ప్రత్యేక అనుభవం ఉండాలి, లేదా హైస్కూలు తర్వాత నాలుగేళ్ల చదువు ఉండాలి. డిగ్రీ ఏ సబ్జెక్టులోనైనా ఫర్వాలేదు. అమెరికా బయట చదివిన డిగ్రీ అయితే గుర్తింపు ఉన్న మూల్యాంకన సంస్థతో సమానత్వ నివేదిక తెప్పించి దరఖాస్తుతోనే జతచేయాలి. అది లేకపోతే డిగ్రీ లేనట్టే లెక్క.

చదువునీ అనుభవాన్నీ కలిపి చూపించవచ్చు గానీ, ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. గ్రేడ్ 5కి మొదటి 60 సెమిస్టర్ గంటలు (కాలేజీ చదువును కొలిచే క్రెడిట్లు) లెక్కలోకి రావు, ఆపైన ఉన్నవే వస్తాయి. 90 గంటలు చదివినవారికి పనికొచ్చేవి 30, అంటే కావలసిన అర్హతలో సగం. మిగతా సగానికి ఆరు నెలల ప్రత్యేక అనుభవం కావాలి. ఈ లెక్క తెలియక '90 గంటలంటే మూడొంతులు వచ్చేసినట్టే' అనుకుంటే బోల్తాపడినట్టే.

గ్రేడ్ 6, 7లకు సాధారణంగా చదువు పనిచేయదు. కింది గ్రేడు స్థాయిలో ఏడాది ప్రత్యేక అనుభవమే గీటురాయి. మాస్టర్స్ పట్టా ఉన్నవారు కూడా గ్రేడ్ 7 సప్లై టెక్నీషియన్‌కు అర్హులు కాకపోవడం ఇందువల్లే. ఇప్పటికే ఫెడరల్ ఉద్యోగంలో ఉండి పదోన్నతికి వచ్చేవారికి గ్రేడ్ 6 నుంచి ఇంకో షరతు, కింది గ్రేడులో 52 వారాలు పూర్తిచేసి ఉండాలి. ఇది అనుభవ నిబంధనకు అదనం, దానికి బదులు కాదు. హోదా పక్కన 'ఆఫీస్ ఆటోమేషన్' అని ఉంటే నిమిషానికి 40 మాటల టైపింగ్ వేగం కూడా కావాలి.

అమెరికా పౌరసత్వం లేనిదే సాధారణ నియామకం ఉండదు, గ్రీన్ కార్డు సరిపోదు. 1959 డిసెంబరు 31 తర్వాత పుట్టిన పురుషులు సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలిచేందుకు ఉంచే జాబితాలో, నమోదై ఉండాలి. 26 ఏళ్లు నిండాక తొలిసారి దేశానికి వలస వచ్చినవారికి ఈ బాధ్యత లేదు గానీ, వచ్చిన తేదీకి రుజువు దగ్గర పెట్టుకోవాలి. 26 లోపు వచ్చి నమోదు చేసుకోనివారికే చిక్కు, వయసు దాటాక నమోదుకు దారి మూసుకుపోతుంది.

మాజీ సైనికులకు ఈ సిరీస్‌లో గట్టి పోటీబలం ఉంది. సైన్యంలో 92వై, 92ఎ, వైమానిక దళంలో 2ఎస్0ఎక్స్1, నేవీలో లాజిస్టిక్స్ స్పెషలిస్టు, మెరైన్లలో 3043 విభాగాల్లో చేసినవారు నేరుగా ఇదే పని చేసి వచ్చినవారు. పైగా వారికి వెటరన్ ప్రాధాన్యం ఉంటుంది. సర్వీసు వల్ల పది శాతం, ఆపైన వైకల్యం నమోదైనవారు కనీస అర్హత ఉంటే చాలు, అగ్రశ్రేణి జాబితాలోకి చేరతారు. కాబట్టి బయటివారు ముందు చూడాల్సింది 'ఎవరు దరఖాస్తు చేయవచ్చు' అనే పెట్టె. అక్కడ 'ప్రజలందరికీ' అని లేకపోతే మిగతాది చదవడం వృథా.

రెజ్యూమె ఎక్కడ బోల్తా కొడుతుంది

అర్హత ఉండి కూడా జాబితాలోకి రానివాళ్లలో ఎక్కువమంది రెజ్యూమె దగ్గరే దెబ్బతింటారు. పరిశీలించే హెచ్ఆర్ ఉద్యోగి రాసిందే చదువుతారు, రాయనిది ఊహించరు. ప్రతి ఉద్యోగానికీ చేరిన నెల, ఏడాది, మానిన నెల, ఏడాది, వారానికి ఎన్ని గంటలు అనేవి ఉండాలి. గంటలు రాయకపోతే ఆ అనుభవాన్ని లెక్కలోంచి తీసేసే ప్రమాదం ఉంది. వారానికి 20 గంటల చొప్పున ఏడాది చేస్తే వచ్చేది ఆరు నెలల అనుభవమే. ఫెడరల్ ఉద్యోగమైతే సిరీస్, గ్రేడు కూడా రాయాలి, ఎస్ఎఫ్-50 (ఫెడరల్ కొలువు వివరాలు చూపే అధికారిక పత్రం) జతచేయాలి.

2025 సెప్టెంబరు చివరి నుంచి రెజ్యూమె రెండు పేజీలు మించకూడదన్న నియమం వచ్చింది. అంతకుముందు ఐదారు పేజీలు నింపడం అలవాటు. ఇప్పుడు చోటు బంగారం, 'కష్టపడే తత్వం', 'జట్టుతో కలిసిపోయే గుణం' లాంటివాటికి ఒక్క వరుస కూడా ఇవ్వకూడదు. 'గోడౌన్‌లో సరుకు నిర్వహణ చూశాను' అని రాస్తే అది ఏ గ్రేడు పనో ఎవరూ చెప్పలేరు. 'వచ్చిన సరుకును కొనుగోలు ఆర్డరుతో సరిచూసి స్టాకు రికార్డులో పద్దు వేయడం' అంటే గ్రేడ్ 4 ఛాయ కనిపిస్తుంది. 'రికార్డుకీ అరకీ మధ్య తేడా వస్తే లావాదేవీల చరిత్ర తీసి కారణం తేల్చి సవరణ పత్రం సిద్ధంచేయడం, వాడకాన్ని బట్టి రీఆర్డర్ స్థాయిలు మార్చమని సిఫారసు చేయడం, రావలసిన ఆర్డర్ల వెంటపడటం' అని రాస్తే గ్రేడ్ 6, 7 తలుపు తెరుచుకుంటుంది. చేసిన పనే రాయాలి సుమా. దరఖాస్తులోని ప్రశ్నావళిలో అన్నిటికీ 'నిపుణుణ్ణి' అని టిక్కు పెట్టి, రెజ్యూమెలో దానికి ఆధారం లేకపోతే హెచ్ఆర్ ఆ స్కోరును దించేస్తుంది.

పని అసలు స్వరూపం

రక్షణ శాఖలో అయినా, వెటరన్స్ ఆస్పత్రిలో అయినా వస్తువుకు గుర్తు దాని నంబరే. నేషనల్ స్టాక్ నంబరులో 13 అంకెలు ఉంటాయి. మొదటి నాలుగు సరుకు తరగతి, తర్వాతి రెండు దేశ సంకేతం, చివరి ఏడు ఆ వస్తువుకు ప్రత్యేకం. 6515 అంటే వైద్య, శస్త్రచికిత్స పరికరాలు, 5310 అంటే నట్లు, వాషర్లు. తరగతి అంకెలు కాలక్రమంలో మారవచ్చు గానీ చివరి తొమ్మిది మారవు, అందుకే అనుభవజ్ఞులు వెతుకులాట ఆ తొమ్మిదితోనే చేస్తారు.

సైనిక సప్లైలో సరుకు కోసం పంపే ప్రతి కోరికకూ 14 అక్షరాల డాక్యుమెంట్ నంబరు ఉంటుంది. కార్యాలయ సంకేతం ఆరు, తేదీ నాలుగు, వరుస సంఖ్య నాలుగు. తేదీలో ఏడాది చివరి అంకె, ఆపైన ఆ ఏడాదిలో అది ఎన్నో రోజు అన్నది ఉంటుంది. 2025 ఫిబ్రవరి 14 అంటే 5045. ఆర్డరు పెట్టడం చిన్న పని, దాని స్థితి సంకేతాలు చదివి కదలడమే పెద్ద పని. 'బీఏ' అంటే విడుదలకు సిద్ధమవుతోంది, 'బీబీ' అంటే నిల్వ లేక బ్యాక్ ఆర్డర్‌లో పడింది, 'బీవీ' అంటే కాంట్రాక్టు మీద సరఫరాదారు నుంచి నేరుగా వస్తుంది. బీబీ చూసి కూడా నెలల తరబడి ప్రత్యామ్నాయం వెతక్కపోవడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. ప్రాధాన్య సంఖ్య 01 నుంచి 15 వరకు ఉంటుంది. అది అడిగినవాడి హడావిడిని బట్టి వేసేది కాదు, యూనిట్‌కు కేటాయించిన స్థాయి, అవసరపు తీవ్రత రెండూ కలిపి పట్టిక నుంచి తీసేది. మూడో స్థాయి యూనిట్‌కు అందే సంఖ్యలు 03, 06, 13 మాత్రమే. ఆ యూనిట్ నుంచి 02తో కోరిక వెళ్తే తనిఖీలో దొరికిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది కొలత యూనిట్‌లో తేడా. కొనేటప్పుడు కేసు, ఇచ్చేటప్పుడు పెట్టె. చేతి తొడుగుల కేసులో పది పెట్టెలు ఉన్నాయనుకుందాం. మార్పిడి గుణకం 10 ఉండాల్సిన చోట 1 అని ఉంటే, 20 కేసులు దిగినప్పుడు రికార్డు 200 పెట్టెలకు బదులు 20 అంటుంది. వార్డులకు 20 పెట్టెలు ఇచ్చేసరికి సిస్టంలో సున్నా, అరలో ఇంకా 180. సిస్టం మళ్లీ ఆర్డరు పెడుతుంది. రెండు నెలల్లో నడవలో నడవడానికి దారి ఉండదు. పైగా అరలో పెరిగిపోయిన సరుకు గడువు తీరిపోయి పారేయాల్సి వస్తుంది. ఇలాంటప్పుడు తేడాను సవరణ పద్దుతో చెరిపేస్తే ఆ రోజుకు లెక్క కుదురుతుంది, వచ్చే లోడుతో మళ్లీ అదే కథ. సరిచేయాల్సింది గుణకాన్ని.

తేడా వచ్చినప్పుడు చూడాల్సిన వరుస ఒకటి ఉంది. ముందు మళ్లీ లెక్కించాలి, వీలైతే మొదటిసారి లెక్కించని మనిషితో. తర్వాత ఇచ్చేసి కూడా పద్దు పడని ఇష్యూలు, దిగి కూడా పద్దు పడని రసీదులు చూడాలి. ఆపైన వేరే అరలో పెట్టారా, ఒకే రకం వస్తువు ఇంకో నంబరు కింద చేరిందా, కొలత యూనిట్ తప్పిందా అన్నవి. ఇవన్నీ అయ్యాకే సవరణ. వరుస తలకిందులైతే, ఇవాళ సవరించిన పది పెట్టెల రసీదు రేపు పద్దులో పడి అరలో లేని పది రికార్డులో పుట్టుకొస్తాయి.

రసీదు దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. సరుకు డాక్ మీద దిగి, పద్దు పడక రోజులు గడిస్తే అది స్టాకు సమస్య మాత్రమే కాదు. అంగీకారం నమోదు కాకపోయినా, చెల్లింపు వడ్డీ లెక్కకోసం సాధారణంగా ఏడో రోజుకు ప్రభుత్వం సరుకును అంగీకరించినట్టే భావిస్తారు. ఇన్‌వాయిస్ చెల్లింపు గడువు సాధారణంగా 30 రోజులు, దాటితే వడ్డీ కట్టాలి. చలానా మీద సంతకం పెట్టే ముందు పెట్టెల సంఖ్య చూడకపోతే తక్కువ వచ్చిందని తర్వాత నిరూపించడం కష్టం. తక్కువ వచ్చినా, తప్పు వస్తువు వచ్చినా ఎస్ఎఫ్-364 పద్ధతిలో సప్లై తేడా నివేదిక, రవాణాలో దెబ్బతింటే ఎస్ఎఫ్-361. ఈ రెండింటినీ ఒకదానికి బదులు ఒకటి వాడితే నివేదిక తిరిగొస్తుంది.

రక్షణ శాఖలో గడువున్న సరుకు స్థితి సంకేతం కాలంతో మారుతుంది. ఆరు నెలలకు పైగా మిగిలితే 'ఎ', మూడు నుంచి ఆరు నెలలైతే 'బి', మూడు లోపైతే 'సి'. గడువు సరుకులో రెండు రకాలు. మొదటి రకానికి గడువు పొడిగించడానికి వీల్లేదు, రెండో రకానికి తనిఖీ చేసి పొడిగించవచ్చు. సీలంట్లు, పెయింట్లు, బ్యాటరీలు ఉన్న గోడౌన్లలో ఈ ఒక్క పనికే ఒక మనిషి చాలడు. ఆస్పత్రుల్లో దీనికి తోడు రీకాల్ హెచ్చరికలు. తయారీదారు ఒక లాట్‌ను (ఒకే విడతలో తయారైన సరుకును) వెనక్కి పిలిస్తే ప్రధాన స్టోరులోనే కాదు, వార్డు అల్మారాల్లో ఉన్నవీ వెతికి తీసి వేరుగా పెట్టాలి. వెటరన్స్ ఆస్పత్రుల్లో ప్రైమరీ, సెకండరీ నిల్వ కేంద్రాలు వేర్వేరు కాబట్టి, సెకండరీలో లాట్ నంబరు చూడకుండా 'మా దగ్గర లేవు' అని జవాబు పంపడం ప్రమాదకరం.

రీఆర్డర్ స్థాయి, అంటే నిల్వ ఎంతకు తగ్గితే మళ్లీ ఆర్డరు పెట్టాలన్న లెక్క, కష్టమైనదేం కాదు. రోజుకు 12 పెట్టెలు వాడుతూ, ఆర్డరు రావడానికి 5 రోజులు పట్టి, భద్రతకు రెండు రోజుల నిల్వ ఉంచితే 60, 24 కలిపి 84. కష్టమల్లా ఆ 12 నిజమేనా అన్నదే. స్కాన్ చేయకుండా సరుకు తీసుకెళ్లే వార్డుల వల్ల వాడకం తక్కువగా కనిపిస్తుంది. ఎప్పుడో పెట్టి రాకుండాపోయిన ఆర్డర్లు 'రావలసినవి' జాబితాలో మిగిలిపోతే, సరుకు దారిలో ఉందనుకుని సిస్టం కొత్త ఆర్డరు పెట్టదు. అర ఖాళీ, తెర మీద అంతా బాగానే ఉంది! నెలకోసారైనా ఆ పాత పద్దులను ఏరి రద్దుచేయించాలి.

జీతం, వేళలు, భద్రత

2025 పట్టికలో గ్రేడ్ 5 తొలి మెట్టు మూలవేతనం 34,454 డాలర్లు, గ్రేడ్ 7ది 42,679. దీనికి ప్రాంతీయ భత్యం కలుస్తుంది. ప్రత్యేక ప్రాంతాలేవీ కాని 'మిగతా అమెరికా'కు అది 17.06 శాతం. అలా గ్రేడ్ 5 తొలిమెట్టు 40,332, గ్రేడ్ 7ది 49,960 డాలర్లు అవుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో భత్యం 46.34 శాతం, అయినా అక్కడి అద్దెల ముందు అది ఏ మూలకూ సరిపోదు. గ్రేడులో పది మెట్లు. 2, 3, 4 మెట్లకు ఏడాది చొప్పున, 5 నుంచి 7 వరకు రెండేళ్ల చొప్పున, 8 నుంచి 10 వరకు మూడేళ్ల చొప్పున పడుతుంది. మొత్తం 18 ఏళ్లు.

ఏడాదికి 11 సెలవు దినాలు. వార్షిక సెలవు మొదటి మూడేళ్లు 13 రోజులు, 15 ఏళ్ల దాకా 20, ఆపైన 26. అనారోగ్య సెలవు 13. పింఛనుకు కొత్తవారి జీతంలో 4.4 శాతం కోస్తారు. ఫెడరల్ ఉద్యోగుల పొదుపు పథకం టీఎస్‌పీలో ప్రభుత్వం ఒక శాతం ఊరికే వేస్తుంది, ఉద్యోగి ఐదు శాతం వేస్తే తనవైపు నుంచీ మొత్తం ఐదు చేస్తుంది. రాత్రి షిఫ్టు క్రమం తప్పకుండా ఉంటే సాయంత్రం 6 నుంచి ఉదయం 6 మధ్య గంటలకు పది శాతం, ఆదివారం షిఫ్టుకు 25 శాతం అదనం. ఇంటి నుంచి పని ఆశించడం దండగ.

ఫోర్క్‌లిఫ్ట్ నడపాలంటే శిక్షణ, పరీక్ష తప్పనిసరి, మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తారు. వేరేచోట తెచ్చుకున్న కార్డు చూపిస్తే చాలదు, ఈ యజమాని ధ్రువీకరించాలి. ప్రమాదకర సరుకు రవాణాకు సిద్ధంచేసేవారికీ శిక్షణ క్రమం తప్పకూడదు. నేపథ్య పరిశీలనకు సాధారణంగా ఎస్ఎఫ్-85 ఫారం, సీక్రెట్ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) కావాలంటే ఎస్ఎఫ్-86. రెండో దాంట్లో అప్పులు, విదేశీ సంబంధాలు విపులంగా అడుగుతారు. దాచినది బయటపడటం, ఉన్నది చెప్పడం కన్నా చేటు చేస్తుంది.

మామూలుగా ప్రొబేషన్ ఏడాది. 2025 ఏప్రిల్ నాటి అధ్యక్ష ఉత్తర్వు తర్వాత, గడువు ముగిసేలోపు సంస్థ రాతపూర్వకంగా ధ్రువీకరిస్తేనే కొలువు నిలుస్తుంది. మునుపట్లా ఎవరూ ఏమీ అనకపోతే స్థిరపడినట్టే అనుకునే వీల్లేదు. ఆఖరి రెండు నెలల్లో సూపర్‌వైజరును ఆ కాగితం సంగతి అడగడం మర్యాద తప్పినట్టేమీ కాదు. బడ్జెట్ ఆమోదం పొందక ప్రభుత్వం మూతపడితే కొందరు ఇంటికి వెళ్తారు, అత్యవసర విధుల్లో ఉన్నవారు జీతం రాకుండానే పనిచేస్తారు. 2018-19లో ఇది 35 రోజులు, 2025లో 43 రోజులు సాగింది. బకాయి జీతానికి 2019 చట్టం హామీ ఇస్తుంది గానీ, ఆ నెల అద్దెకు అది అక్కరకు రాదు. వెటరన్స్ ఆస్పత్రుల వైద్య సేవలకు నిధులు ఏడాది ముందే మంజూరవుతాయి కాబట్టి అక్కడి సప్లై సిబ్బందికి ఈ బెడద చాలా తక్కువ.

చేరే ముందు చూసుకోవాల్సిన వరుస ఇంకొకటి, ప్రకటనలో 'పదోన్నతి అవకాశం' అనేది. అక్కడ 07 అని ఉంటే ఆ కుర్చీలో 07తోనే ఆగుతుంది. ఆపైకి వెళ్లాలంటే 2010 ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్, 2001 జనరల్ సప్లై, 2003 సప్లై ప్రోగ్రాం మేనేజ్‌మెంట్ లాంటి సిరీస్‌లకు విడిగా పోటీపడాలి. అవి 5, 7, 9, 11 అంటూ రెండేసి గ్రేడ్ల చొప్పున పెరుగుతాయి. డిగ్రీ ఉన్నవారు టెక్నీషియన్‌గా ఏడాది చేశాక గ్రేడ్ 7లో ఉండిపోవడం కన్నా, 9 లేదా 11 దాకా అవకాశం ఉన్న 2010 కుర్చీలో గ్రేడ్ 5 లేదా 7తో మొదలుపెట్టడం నయం. ఇందుకు జీతం ఒక మెట్టు దిగాల్సి వస్తే, 'పే రిటెన్షన్' (పాత జీతాన్ని నిలిపి ఉంచే వీలు) వర్తిస్తుందా లేదా అన్నది ఆఫర్ లెటర్ మీద సంతకం చేయకముందే హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడగాలి. సొంతంగా కోరుకుని దిగినవారికి అది సాధారణంగా వర్తించదు.